పుట్టింటి చలిమిడి

గుడివాడ,
2024 జూలై 14, ఆదివారం

వదినగారికి గోవర్ధనరావు నమస్కారాలు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని పోస్ట్‌మ్యాన్ మిమ్మల్ని వింతగా చూసి ఉంటాడు. కిందటి వారం వీడియో కాల్ చేసి నేను "పూర్ణిమ, పూర్ణిమ" అని అరిస్తే, "పున్నమి వచ్చే ఆదివారమండీ" అని మీరు ఫోన్ పెట్టేశారు. చెవి మిషను పెట్టుకుంటే తల లోపల తుమ్మెద తిరుగుతున్నట్టుందని తీసి బీరువాలో పడేశారట కదా, మీ చిన్నబాబు చెప్పాడు. వాడితోనో, మీ కోడలు శ్రీలేఖతోనో చెప్పించవచ్చు గానీ, ఈ కబురు మీరే చదువుకుంటే బాగుంటుందనిపించింది.

పూర్ణిమకి నాలుగో నెల. మా అమ్మాయి తల్లి కాబోతోంది, వదినగారూ!

రాజ్యం ఉంటే ఈపాటికి వీధి వీధంతా తెలిసిపోయేది. మీ చెల్లెలు పోయి రెండేళ్ళు దాటినా, ఏదైనా మంచి కబురు వస్తే నేను ముందు వంటింటి వైపే తిరుగుతున్నాను. అల్లుడు శశిధర్, వియ్యపురాలు సుబ్బాయమ్మగారు చిలకలపూడిలో అమ్మాయిని బాగానే చూసుకుంటున్నారు. కానీ తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. తల్లి లేదు కాబట్టి ఏ ముచ్చటా లేకుండా పోకూడదని నా పట్టుదల. చలిమిడి, సున్నుండలు, బాలింత తినే కాయం, పసిపిల్ల బొంతలు, రాజ్యం ఏమేమి చేసేదో అవన్నీ నేనే చేస్తాను.

శ్రావణంలో అయిదో నెల వస్తుంది. చలిమిడి ఎలా చేయాలో రాయండి. ఒక్క మనవి. నేను బతుకంతా లేత్ మిషను మీద పనిచేసినవాణ్ణి. కొలతలు కావాలి. "సరిపడా" అని మాత్రం రాయకండి.

మీరొచ్చి చేసిపెడితే బాగుండును గానీ, ఆ మోకాళ్ళతో కోడూరు నుంచి బస్సులు మారుతూ రావడం మాటలు కాదు. పైగా రొయ్యలు పట్టే రోజులు, మీరు లేకపోతే శ్రీలేఖకి చెయ్యి ఆడదు. అందుకని మిమ్మల్ని కదపను. రాసి పంపండి చాలు.

ఇంటిల్లిపాదినీ అడిగానని చెప్పండి.

మీ మరిది,
గోవర్ధనరావు


కోడూరు,
జూలై 23

మరిదిగారికి అమ్మాజీ రాస్తున్నాను.

మీ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి చదివాను. తర్వాత లోపలికొచ్చి కూర్చుని మళ్ళీ చదివాను. నా పూర్ణిమకి పిల్లా! మొన్న మొన్నటిదాకా నా చెంగు పట్టుకుని చెరువు గట్టు మీద తిరిగిన పిల్ల. ఏమైందోనని శ్రీలేఖ కంగారుపడి వచ్చింది. నా చేతిలో కాగితం లాక్కుని చదివి, నన్ను వాటేసుకుంది.

నా మోకాళ్ళ సంగతి మీకెవరు చెప్పారో గానీ, మొన్న తొలి ఏకాదశికి హంసలదీవి వెళ్ళి, పాలకాయతిప్ప ఇసుకలో నడిచి, సముద్రంలో మునిగి వచ్చాను. రొయ్యల పని చిన్నబాబు చూసుకుంటాడు. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోతకి ఊళ్ళో అందరూ విసుక్కుంటున్నారట. నాకు మాత్రం హాయి.

ఇక చలిమిడి. కిలో కొత్త బియ్యం ముందురోజే నానబెట్టండి. నీళ్ళు వంచి గుడ్డ మీద ఆరబోయండి. చేతికి తడి అంటాలి, నీళ్ళు కారకూడదు. మరకి తీసుకెళ్ళి తడిగా ఉండగానే ఆడించుకురండి. జల్లించి, గిన్నెలో నొక్కి మూత పెట్టండి. ఆ తడి ఆరితే చలిమిడి బిరుసెక్కుతుంది. ముప్పావు కిలో బెల్లం పాకం పట్టండి. చుక్క పాకం చన్నీళ్ళలో వేసి వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. పళ్ళానికి కొట్టినప్పుడు టంగుమందంటే ముదిరిపోయినట్టే. పొయ్యి మీంచి దించాక పిండి కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. నెయ్యి, కొబ్బరిముక్కలు, గసగసాలు, యాలకుల పొడి సరిపడా. అవును, సరిపడా. దానికి కొలత లేదు, మీ కంటికే తెలియాలి.

మీరే చేసుకుంటామన్నారు కాబట్టి ఇంతకన్నా ఏం రాయను. మగవాళ్ళ చేతి చలిమిడి కూడా కడుపు చల్లబరుస్తుందో లేదో చూద్దాం.

పూర్ణిమని వేవిళ్ళు తగ్గాయో లేదో అడిగి రాయండి. నిమ్మకాయ వాసన చూడమనండి.

మీ వదిన,
అమ్మాజీ


గుడివాడ,
ఆగస్టు 18

వదినగారికి,

కడుపు చల్లబడింది. మీ మరిది పరీక్ష పాసయ్యాడు, రెండోసారి రాసి.

మొదటిసారి ఫ్యాను కింద పిండి పెట్టి ఫోన్ మాట్లాడుతూ కూర్చున్నాను. తడి ఆరింది. పాకమేమో టంగుమంది. అయినా మొండిగా కలిపాను. వేలితో నొక్కితే నా వేలే నొచ్చింది. పక్కింటి రత్తయ్య ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఏవండీ, ఇది మీ లేత్ షాపులో తయారైందా, ఇంట్లోనా?" అన్నాడు. రెండోసారి ఫ్యాను కట్టేసి, ఫోను అవతలి గదిలో పెట్టి, దేవుడి ముందు ఉన్నట్టు పొయ్యి ముందు నిలబడ్డాను. మెత్తగా, వెన్నలా వచ్చింది.

శ్రావణ శుక్రవారం నాడు స్టీలు క్యాను ఒళ్ళో పెట్టుకుని బందరు బస్సెక్కాను. చిలకలపూడిలో వాళ్ళ వరండా నిండా, అమ్మకానికి పూత వేసిన రోల్డ్‌గోల్డ్ గాజులు ఆరబెట్టి ఉన్నాయి. అడుగు వేయడానికి చోటు లేదు. పూర్ణిమకి పీట వేసి, పసుపు, కుంకుమ, పళ్ళు, తాంబూలం అన్నీ సర్దాను. అప్పుడు గుర్తొచ్చింది, కొంగులో చలిమిడి పెట్టాల్సింది ఆడవాళ్ళని. నేను తెల్లమొహం వేసుకుని నిలబడితే సుబ్బాయమ్మగారు లేచి, "ఇటివ్వండి అన్నయ్యగారూ, నేను పెడతాను" అన్నారు.

పూర్ణిమ కొంగు దగ్గరికి లాక్కుంది. "చేసింది మా నాన్న కదత్తయ్యా. నాన్నే పెట్టాలి" అంది.

పెట్టాను. అక్కడే ఒక ముద్ద తిని, "అమ్మ చేసినట్టు లేదు నాన్నా" అంది. నేను క్యాను మూత పెట్టేయబోయాను. "నువ్వు చేసినట్టే ఉంది. నాకిదే కావాలి" అని ఏడ్చింది.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం సుబ్బాయమ్మగారు ఒక మాటన్నారు. "తప్పుగా అనుకోకండి అన్నయ్యగారూ, పురుడు ఇక్కడే పోసుకుంటాం. ఆడదిక్కు లేని ఇంట్లో పచ్చి బాలింతని ఎవరు చూస్తారండీ?"

"నేను చూస్తానండీ" అన్నాను. "నీళ్ళు పోసే మనిషిని పెడతాను. వంట నేర్చుకుంటున్నాను. ఇంకా నెలలున్నాయి కదా." ఆవిడ చూద్దాం లెండి అన్నారు. మా తిప్పలేవో మేం పడతాం. మీరు మనసు పాడుచేసుకోవద్దు.

ఇక బొంతలు మొదలుపెట్టాలి. రాజ్యం నూలు చీరలు బీరువాలో అలాగే ఉన్నాయి. ఉతికి ఉతికి దూదిలా అయినవి. వాటిని కోసి కుడదామనుకుంటున్నాను. ఎన్ని మడతలు వేయాలో రాయండి.

మీ మరిది,
గోవర్ధనరావు


కోడూరు,
ఆగస్టు 29

మరిదిగారికి,

చలిమిడి కుదిరినందుకు సంతోషం. పూర్ణిమ అన్న మాటకి నాకూ కళ్ళు చెమర్చాయి.

ఆడదిక్కు లేని ఇల్లు అని వియ్యపురాలు అంటే, మీరేమన్నారో రాశారు. ఏమనలేదో కూడా నాకు తెలిసింది. ఆ పిల్లకి పెద్దమ్మ ఒకతె ఉందని ఎవరికీ గుర్తు రాలేదన్నమాట. పోనివ్వండి. చెవులు వినపడని మనిషి ఉన్నా లేనట్టే.

రాజ్యం చీరలు కోయవద్దు. పోయిన మనిషి బట్ట పసిగుడ్డు కింద వేయకూడదు. నా చీరలతో రెండు బొంతలు కుట్టాను, బస్సులో పంపుతున్నాను. చుక్కల చీరది పక్క మీదికి, పసుపురంగుది కప్పడానికి. అంచులకి నాలుగు మడతలు వేశాను, నడుమ మూడు.

ఈసారి ఇక్కడ వానలు ఎక్కువ.

అమ్మాజీ


గుడివాడ,
సెప్టెంబరు 15

వదినగారికి,

బొంతలు అందాయి. కుట్లు చూస్తే ముచ్చటేసింది. చాలా సంతోషం.

మీ ఉత్తరంలో ఒక మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. పెద్దవారు, మీకు ఎదురు చెప్పకూడదు. కానీ అమ్మమ్మ చీర మనవలకి అరిష్టమవుతుందా? పూర్ణిమ పుట్టినప్పుడు రాజ్యం ఎన్ని బొంతలు కుట్టిందో మీరే చూశారు. మీ ఉత్తరం వచ్చేసరికి నీలం చీర అప్పటికే కోసేశాను. దాన్నే కుట్టాను కూడా. నా కుట్లు పాము నడిచినట్టున్నాయి. అయినా అది కూడా వేస్తాను. ఆ చీర మీద పడుకోబెడితే పిల్లకి చెడు జరుగుతుందని నేను అనుకోలేను, వదినగారూ. క్షమించండి.

ఇకమీదట ఈ విషయాల్లో మిమ్మల్ని శ్రమపెట్టను. సున్నుండలు, బాలింతకి పెట్టే కాయం ఎలా చేయాలో ఫోన్లో బోలెడు వీడియోలున్నాయి. ఆపి ఆపి చూసుకోవచ్చు. కొలతలు కూడా చెబుతున్నారు.

ఆరోగ్యం జాగ్రత్త.

గోవర్ధనరావు


కోడూరు,
సెప్టెంబరు 24

మరిదిగారికి,

మంచిది. ఫోనే అన్నీ చెబుతుంటే ఇక నా ఉత్తరాలెందుకు.

అమ్మాజీ

కాయంలో ఆ ఫోనువాళ్ళు మిరియాలు, పిప్పళ్ళు దండిగా వేయమంటారు. వినకండి. పూర్ణిమది వేడి ఒళ్ళు, చిన్నప్పటినుంచీ. శొంఠి, వాము ఎక్కువ వేసి, తక్కినవి తగ్గించండి. నెయ్యి తేలాలి.


గుడివాడ,
డిసెంబరు 8, ఆదివారం

వదినగారికి,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి ముఖం చెల్లలేదు.

పూర్ణిమ ఇంటికొచ్చింది. కార్తీకంలో సుబ్బాయమ్మగారు స్వయంగా వచ్చి మా వంటిల్లు చూశారు. డబ్బాలన్నీ మూతలు తీసి చూసి, సున్నుండ ఒకటి కొరికి తిన్నారు. ఇంకొకటి తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ "తొమ్మిదో నెల రాగానే పంపుతానండీ" అన్నారు. ఆ రోజు నాకు అన్నం తినబుద్ధి కాలేదు, కడుపు నిండిపోయి.

నిన్న పూర్ణిమ మీ బొంతలు చూస్తూ, "పెద్దమ్మ ఎప్పుడొస్తోంది నాన్నా?" అంది.

"రాలేదమ్మా. మోకాళ్ళు. పైగా నా మీద కోపంగా ఉంది" అన్నాను.

"నువ్వు రమ్మన్నావా?"

"పెద్దావిడని ఎలా ఇబ్బంది పెడతానే..."

"అది కాదు నేనడిగింది. రమ్మన్నావా, లేదా?"

నేను బొంత తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టాను.

"ఏం నాన్నా నువ్వు! చలిమిడి ఎలా చేయాలని అడుగుతావు, బొంత ఎన్ని మడతలని అడుగుతావు. వస్తావా అని ఒక్క ముక్క అడగవు. పిలవకుండా తనంతట తాను ఎలా వస్తుంది? నేనైనా అలుగుతాను" అంది.

వదినగారూ, ఎందుకు పిలవలేదో చెబుతాను. రాజ్యం పెద్దకర్మ అయిన మర్నాడు మిమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చాను. మెట్టు మీద నిలబడి, "ఇంక ఈ ఊరు రాలేను మరిదిగారూ, ఆ గుమ్మం తొక్కలేను" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఈ ఇంటికి రావడం మీకు నరకమని అనుకున్నాను. ప్రతి ఉత్తరంలోనూ రమ్మని రాయబోయి, మోకాళ్ళని ఒకసారి, రొయ్యలని ఒకసారి సాకు పెట్టుకున్నాను. నేను పిలిస్తే, కాదనలేని మొహమాటానికి ఏడుస్తూ వస్తారని భయం.

ఇప్పుడు పిలుస్తున్నాను. మీ చేతి పని కోసం కాదు. పని నేను చేస్తాను, మనిషిని కూడా పెట్టాను. పూర్ణిమ పక్కన మీరు ఉండాలి. నాకూ పెద్దదిక్కుగా ఉండాలి. గుమ్మం తొక్కలేననిపిస్తే దొడ్డి దోవన రండి. కానీ రండి.

మీ మరిది,
గోవర్ధనరావు


కోడూరు,
డిసెంబరు 14

మరిదిగారికి,

ఆ మాట అన్నానా? నాకు గుర్తే లేదు. చెల్లెలు పోయిన ఏడుపులో ఏమన్నానో ఏమో, దాన్ని మీరు ఇన్నాళ్ళు దాచిపెట్టుకున్నారా! మీరు పిలవనందుకు నేను ఎన్ని రకాలుగా ఏడ్చానో అడగండి. మగవాడు ఒక్కడే ఉన్న ఇంట్లో నేనుంటే లోకం ఏమంటుందని జంకుతున్నారేమో అనుకున్నాను. చెవిటిదానితో అరవలేక అనుకున్నాను. రాజ్యం లేకపోయాక ఇక నేను ఆ ఇంటికి ఏమీ కానేమో అని కూడా అనుకున్నాను. శ్రీలేఖ "వెళ్ళండత్తయ్యా, పిలుపేమిటి" అని పోరుపెట్టినా కదల్లేదు. నాదీ తక్కువ పొగరు కాదు.

చీరల సంగతి. అరిష్టమూ లేదు, గిరిష్టమూ లేదు. నేను అబద్ధమాడాను. ఆ నూలు చీరల్లో సగం మేమిద్దరం పెడన వెళ్ళి కొనుక్కున్నవే. ఒకరివి ఒకరం కట్టుకునేవాళ్ళం. ఎప్పటికైనా వస్తే ఒకటి అడిగి తీసుకుందామనుకున్నాను. అన్నీ కోసేస్తారని భయమేసి, నోటికొచ్చిన ఆచారం చెప్పాను. నీలం చీర మీద పిల్ల పడుకుంటే అంతకన్నా ఏం కావాలి. మిగిలినవాటి జోలికి మాత్రం వెళ్ళకండి.

గురువారం వస్తున్నాను. చిన్నబాబు కారులో దింపుతానన్నాడు. శొంఠి కొమ్ములు, కొత్త బెల్లం, ఇంటి నెయ్యి తెస్తున్నాను. మీరు కాయం ఇంకా చేయలేదని నమ్ముతున్నాను. చేసి ఉంటే దాచేయండి, నాకు చూపించకండి.

గుమ్మం ముందే దిగుతాను.

మీ వదిన,
అమ్మాజీ


గుడివాడ,
2025 మార్చి 23

వదినగారికి,

శ్రీలేఖ వాళ్ళమ్మగారికి ఇప్పుడెలా ఉంది? ఆవిడకి బాగోలేదని కబురొచ్చి, మీరు సారె పంపే ముచ్చట చూడకుండానే వెళ్ళాల్సి వచ్చింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

నిన్న తల్లీబిడ్డల్ని చిలకలపూడి చేర్చాను. సారెకి చలిమిడి, సున్నుండలు నేనే చేశాను. మీరు లేరు కాబట్టి ఎవరూ గరిటె లాక్కోలేదు. వంటింట్లో మనం పోట్లాడుకోని రోజు లేదు కదా. కాయం ముద్ద మీరొకటి, నేనొకటి చేసి, పూర్ణిమ ముందు పెట్టి ఏది బాగుందో చెప్పమంటే, పాపం రెండూ తినేసింది.

సుబ్బాయమ్మగారు వీధిలో ఇంటింటికీ చలిమిడి పంచిపెట్టారు. "మా కోడలి పుట్టింటిది" అని చెబుతుంటే విన్నాను. ఎవరో "తల్లి లేదన్నారుగా, ఎవరు చేశారు?" అని అడిగారు. "వాళ్ళ నాన్నగారే చేశారు. పాకం మీద ఆయనకున్న గురి నాక్కూడా లేదు" అన్నారావిడ. నేను గాజుల పెట్టెలు చూస్తున్నట్టు నటించాను. పాప వాళ్ళ నానమ్మ చేతుల్లోకి ఏడవకుండా వెళ్ళింది. నాకు కొంచెం బాధేసింది, నిజం చెప్పాలంటే.

ఇల్లు బావురుమంటోంది. ఇవాళ పొద్దున్నే పాలు కాచి, ఎవరికి పోయాలో తెలియక నిలబడ్డాను. తర్వాత రత్తయ్యని పిలిచి కాఫీ ఇచ్చాను. వాళ్ళ అమ్మాయికి మూడో నెలట. అయిదో నెల దాకా ఆగకుండా ఇప్పుడే చలిమిడి నేర్పమని కూర్చున్నాడు, ఆ మనిషి!

మీ మరిది,
గోవర్ధనరావు


కోడూరు,
ఏప్రిల్ 3

మరిదిగారికి,

శ్రీలేఖ తల్లి లేచి తిరుగుతోంది. ఉగాది పచ్చడి ఆవిడ చేతే కలిపించాను. వేపపువ్వు చాలా వేసింది, అందరం కళ్ళు మూసుకుని తిన్నాం.

మీ ఉత్తరం చదివి శ్రీలేఖకి వినిపించాను. సుబ్బాయమ్మగారన్న మాట దగ్గర రెండుసార్లు ఆగాను. రత్తయ్యగారికి నేర్పేటప్పుడు ఫ్యాను సంగతి ముందు చెప్పండి.

మీకు ఒక సంగతి చెప్పలేదు. డిసెంబరులో వచ్చేటప్పుడు దారి పొడుగునా నాకు ఒకటే భయం. పిల్ల ఏడిస్తే నాకెలా తెలుస్తుంది? చెవిటిదాన్ని పసిబిడ్డ దగ్గర ఎవరు పెడతారు? పూర్ణిమ ఒకరోజు నా భయం కనిపెట్టినట్టుంది. ఏమీ అనకుండా పాపని తెచ్చి నా గుండె మీద బోర్లా పడుకోబెట్టి వెళ్ళిపోయింది.

ముందు పాప కాళ్ళు బిగుసుకున్నాయి. తర్వాత దాని వీపు వేడెక్కింది. ఆ తర్వాత నా రొమ్ము ఎముకలో ఏదో మోగింది. ఏమిటో నాకు వెంటనే తెలియలేదు. తెలిశాక కదల్లేకపోయాను. ఎన్నో ఏళ్ళుగా మనుషుల పెదవులు కదలడమే చూస్తున్నాను మరిదిగారూ. ఒక గొంతు నా దాకా రావడం మళ్ళీ అప్పుడే.

మీరు వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చి, "వదినగారూ, పిల్ల ఏడుస్తోంది!" అని చేతులూపేవారు గుర్తుందా? పాపం పెద్దావిడకి తెలియడం లేదని జాలిపడేవారు.

నాకు తెలుస్తూనే ఉండేది. ఇంకాస్త విందామని ఊరుకునేదాన్ని.

మీ వదిన,
అమ్మాజీ